పిల్లల నోటి మాట కోసం చెవులు పోగొట్టుకున్న పంతులుగారు

పోయిన ఆగస్టులో సంగతి. మా అబ్బాయి ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. 29వ తేదీన బళ్ళో తెలుగు భాషా దినోత్సవమని, స్టేజీ మీద మాట్లాడాలని చెప్పి టీచరుగారు అరపేజీ కాగితం ఇచ్చి పంపించారు. అది గిడుగు రామమూర్తి పంతులుగారి జీవితం. ఇక చూడండి, పొద్దున్నా సాయంత్రం మా కొత్తపేట అపార్ట్‌మెంట్ బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతూ మావాడు ఒకటే బట్టీ. కింద కూరల బండివాడి కేక, పైన వీడి కేక!

కూరగాయలు తరుగుతూ విన్నాను. జన్మించెను, గావించెను, విరాజిల్లెను... ఒక్కో మాటా పలకలేక వాడి నాలుక మెలికలు తిరుగుతోంది. వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అంటే ఏమిట్రా అని అడిగాను. తెలీదన్నాడు. తెలియకపోయినా పరవాలేదట, తప్పుల్లేకుండా చెబితే ప్రైజు ఇస్తారట.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మనసు చివుక్కుమంది. పిల్లలచేత అర్థంకాని మాటలు వల్లె వేయించకండయ్యా అని జీవితమంతా పోరాడిన మనిషి కథను, ఆయన పుట్టినరోజునాడే, అర్థంకాని మాటల్లో వల్లె వేయిస్తున్నాం మనం!

ఒక బల్లి కథ

గిడుగువారి దగ్గరకు వెళ్ళే ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఇందులో తప్పు నాది కూడా ఉంది కాబట్టి దాచకుండా చెబుతాను.

మావాడు మూడో తరగతిలో ఉన్నప్పుడు పెంపుడు జంతువు మీద తెలుగులో పది వాక్యాలు రాయమన్నారు. మా ఇంట్లో కుక్కా లేదు, పిల్లీ లేదు. వీడు మా బాత్రూంలో తిరిగే బల్లి గురించి రాశాడు. దానికొక పేరు పెట్టాడు. అది ట్యూబులైటు వెనక కాపురం ఉంటుందని, నాన్న గడ్డం గీసుకుంటుంటే తొంగి చూస్తుందని రాశాడు. చదివి నేనూ మావారూ పడీ పడీ నవ్వాం. బళ్ళో మాత్రం ఎర్ర సిరాతో పెద్ద గీత కొట్టి, పదికి రెండు మార్కులు వేసి పంపారు. ఆవు వ్యాసం రాయాలట.

అప్పుడు నేనేం చేశాననుకున్నారు? దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి గైడు కొనుక్కొచ్చాను. పక్కన కూర్చుని ఆవు వ్యాసం కంఠతా పట్టించాను. తర్వాతి పరీక్షలో పదికి తొమ్మిది వచ్చాయి. సంతోషపడ్డాను కూడా. ఆ తర్వాత మావాడు ఎప్పుడూ బల్లి కథ రాయలేదు. ఏ కథా రాయలేదు. నేను పత్రికలకి కథలు రాసుకునే దాన్ని. నా కొడుకు కథ చెప్పడం మానేసిన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది.

ఇంకొకటి. మా అత్తగారిది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు. మామగారు పోయాక మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ మాటలో ఆ ఊరి యాస అలాగే ఉంది. ఏటి అంటారు, గుంటడు అంటారు. చిన్నప్పుడు ఆ మాటలు వింటూ ఆవిడ ఒళ్ళోనే నిద్రపోయిన మావాడు, ఇప్పుడు స్నేహితులు వస్తే నాయనమ్మని కాసేపు లోపల కూర్చోమంటున్నాడు. ఆవిడ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయేవారు. నేనూ ఏమీ అనేదాన్ని కాదు. అదీ నా రెండో తప్పు.

ఆ కాగితం బట్టీ వింటూ విన్న మా అత్తగారే ఒకరోజు నోరు విప్పారు. గిడుగు పంతులుగారు తమ వైపు మనిషేనని, తమ నాన్నగారు పర్లాకిమిడిలో చదువుకునే రోజుల్లో ఆయన్ని కళ్ళారా చూశారని, కొండ మీది సవరవాళ్ళతో వాళ్ళ భాషలోనే గలగలా మాట్లాడేవారని ఇంట్లో చెప్పేవారని అన్నారు. మావాడు ఆగిపోయి వాళ్ళ నాయనమ్మ వంక చూశాడు. నాకూ ఆసక్తి పుట్టింది. దిల్‌సుఖ్‌నగర్ షాపుల్లో అడిగితే ఎంసెట్ పుస్తకాలు, గైడ్లు చూపించారు. ఒక ఆదివారం మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగి, కోఠి నుంచి ఆబిడ్స్ దాకా పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలన్నీ గాలించి, ఆయన గురించి దొరికినవి పట్టుకొచ్చాను. వంటా వార్పూ అయ్యాక రోజుకింత చదివాను. చదివింది మీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

తండ్రి లేని పిల్లవాడు

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరున్న పర్వతాలపేటలో పుట్టారు. వంశధార నది ఒడ్డున ఉండే పల్లెలవి. అమ్మ వెంకమ్మగారు, నాన్న వీర్రాజుగారు. నాన్నగారిది రెవెన్యూ శాఖలో ఉద్యోగం. చోడవరం బదిలీ అయి, అక్కడే విషజ్వరంతో 1875లో పోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్ళు, అంటే మావాడి ఈడే. ఆ తర్వాత బంధువుల ప్రాపకంలో ఉంటూ విజయనగరం మహారాజావారి బళ్ళో చదువుకున్నారు. కన్యాశుల్కం రాసిన గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు తోటి విద్యార్థి. తర్వాత ఈ ఇద్దరు స్నేహితులూ కలిసి తెలుగు రాత నడిచే దారినే మార్చేశారు.

1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. ఆ ఏడే పెళ్ళయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి బళ్ళో నెలకు 30 రూపాయల జీతం మీద పంతులుగా చేరారు. అప్పటికి ఆయనకు నిండా పదిహేడేళ్ళు! పగలు పాఠాలు చెబుతూ, రాత్రుళ్ళు సొంతంగా చదువుకుంటూ బి.ఎ. కూడా పూర్తి చేశారు. ముఖలింగం గుళ్ళలో రాళ్ళ మీద చెక్కిన పాత శాసనాలను కూడా తనంతట తానే చదవడం నేర్చుకున్నారు. చేతిలో ఉన్న పని చాలనుకునే మనిషి కాదన్నమాట.

కొండ దిగివచ్చిన మనుషులు

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. ఊళ్ళోకి దిగి వచ్చి అడవి సరుకు అమ్ముకుని, ఉప్పూ గుడ్డా కొనుక్కుని పోయేవారు. భాష రాని వాళ్ళని బజారులో ఎవరు మోసం చెయ్యరు చెప్పండి! వాళ్ళకి చదువు లేదని, తెలివి లేదని ఊరివాళ్ళ అభిప్రాయం. నిజానికి కొండవాలులో రాతి గట్లు కట్టి, మెట్లు మెట్లుగా మళ్ళు వేసి, నీటిని ఒక్కో మడిలోకి దించి పండించడంలో సవరలు సిద్ధహస్తులు. వాళ్ళ ఇళ్ళ గోడల మీద వేసే బొమ్మలు చూసి ఈనాడు దేశ విదేశాలవాళ్ళు మెచ్చుకుంటున్నారు. అంత పనితనం ఉన్నవాళ్ళ పిల్లలు బడికొస్తే మొద్దులని ఎందుకు అనిపించుకుంటారు? పాఠం చెప్పే భాష వాళ్ళది కాకపోవడమే కారణమని రామమూర్తి పంతులుగారు పట్టుకున్నారు.

అలా అని సవరభాషకి పుస్తకాలున్నాయా అంటే ఒక్కటీ లేదు. తెలుగుతో దానికి చుట్టరికం కూడా లేదు. అది ముండా కుటుంబానికి చెందిన భాష. ముందు తనకే రావాలి కదా! అందుకని తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ కాసేపు ఆగి ఆ ఇంటి వంటిల్లు ఊహించుకున్నాను. నూట పాతికేళ్ళకు పైబడ్డ మాట. మడీ ఆచారం గట్టిగా ఉన్న రోజులు. ఒక బ్రాహ్మణ పంతులుగారింట్లో అడవి నుంచి వచ్చిన మనిషి నెలల తరబడి ఉండటమంటే సామాన్యం కాదు. చుట్టాలు ఏమనుకున్నారో, నీళ్ళరేవులో అమ్మలక్కలు ఏమని చెవులు కొరుక్కున్నారో మనకి ఊహకందనిది కాదు. ఆయన విద్య నేర్చుకుంటుంటే ఆ అన్నం వండి పెట్టింది ఆ ఇంటి ఆడవాళ్ళే కదా. ఇంగ్లీషులో వచ్చిన ఆ పెద్ద పుస్తకాల వెనక ఆ పొయ్యి సెగ కూడా ఉందని నాకనిపించింది.

కథలూ పాటలే పాఠాలు

భాష వచ్చాక ఆయన చేసిన పని చూడండి. పర్లాకిమిడిలో కూర్చుని మన తెలుగు వాచకాన్ని సవరలోకి మార్చేసి చేతులు దులుపుకోలేదు. కొండలెక్కి వాళ్ళ గూడేల్లో తిరిగారు. వాళ్ళు చెప్పుకునే కథలు, పాడుకునే పాటలు రాసుకున్నారు. వాచకాలు, కథలు, పాటలు, నిఘంటువు తయారుచేశారు. తన సొంత డబ్బుతో బళ్ళు పెట్టి, పంతుళ్ళకి జీతాలిచ్చి, సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పించారు.

బళ్ళో కూర్చున్న ఒక సవర పిల్లవాణ్ణి ఊహించుకోండి. ఇంట్లో అమ్మ పాడే పాట పుస్తకంలో కనిపిస్తోంది. తనకి తెలిసిన చెట్టు పేరు, తన కొండ పేరు అక్షరాల్లో కనిపిస్తున్నాయి. అప్పుడు ఆ పిల్లవాడు ఇంకో కథ చెప్పగలడు, ఇంకో పాట కట్టగలడు. ఎందుకంటే మాట వెతుక్కోవలసిన పని లేదు. మనం ఈ రోజుల్లో క్రియేటివిటీ అని పెద్ద పేరు పెట్టి, దానికి సమ్మర్ క్యాంపుల్లో ఫీజులు కట్టి మరీ నేర్పిస్తున్నాం. పిల్లవాడి నోట్లో ఉన్న మాటని ముందు బళ్ళోకి రానిస్తే సగం పని అక్కడే అయిపోతుందని పంతులుగారు ఏనాడో చేసి చూపించారు.

ఆ పుస్తకాలకి మద్రాసు ప్రభుత్వం డబ్బు ఇవ్వబోతే, తనకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టమన్నారట. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. సవరభాషకి ఆయన ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది, ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే సవర-ఇంగ్లీషు నిఘంటువు కూడా వచ్చింది. దాని వెనక ముప్ఫై అయిదేళ్ళ శ్రమ ఉంది. పెద్ద కొడుకు గిడుగు సీతాపతిగారు కూడా నాన్నగారి అడుగుజాడల్లోనే సవర పనిలో దిగారు. తర్వాత ఆయన తెలుగు పిల్లలకి మంచి పాటలూ రాశారు.

దీనికి పంతులుగారు చెల్లించిన ఖరీదు ఏమిటో తెలుసా? ఆ అడవులు మలేరియాకి పుట్టిల్లు. తిరిగి తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. జ్వరానికి క్వినైను మింగారు. క్వినైనుకి చెవులు పోయాయి. జీవితాంతం చెవుడు ఉండిపోయింది. మాటల ధ్వనులు వినడం కోసం కొండలెక్కిన మనిషికి ఆ వినికిడే పోయింది. ఈ ముక్క చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

మన పిల్లల వంతు

సవర పిల్లల బాధ చూసిన కళ్ళకి తెలుగు పిల్లల బాధ కూడా కనబడకుండా ఉంటుందా? మనవాళ్ళ పరిస్థితీ అంతంతమాత్రమే. ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పుస్తకంలో తెలుగు వేరు. పరవస్తు చిన్నయసూరి గారు 1850లలో నీతిచంద్రిక, బాలవ్యాకరణం రాశారు. గొప్ప పుస్తకాలే, ఎవరూ కాదనరు. కానీ వచనమంటే అలాగే ఉండాలని, పిల్లలు కూడా అలాగే రాయాలని పండితులు పట్టుబట్టారు. వచ్చాడు అంటే తప్పు, వచ్చెను అనాలి. పిల్లవాడు ముందు ఆ పుస్తకాల తెలుగు నేర్చుకోవాలి, ఆ తర్వాత దానితో పాఠం నేర్చుకోవాలి. ఇక సొంతంగా ఆలోచించి నాలుగు ముక్కలు రాయడానికి తీరికెక్కడిది?

ఈ వింతని ముందుగా ప్రశ్నించింది ఒక ఇంగ్లీషు దొర కావడం మరో వింత. జె.ఎ. యేట్స్ అని స్కూళ్ళ తనిఖీ అధికారి 1907 ప్రాంతంలో మన కోస్తా జిల్లాలకు వచ్చారు. చిన్న తరగతుల్లో పంతుళ్ళు పిల్లలకి తెలిసిన తెలుగు మాటకి తెలియని తెలుగు మాటలతో అర్థం చెప్పడం చూసి ఆశ్చర్యపోయారు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకి గురజాడ, గిడుగుల పేర్లు చెప్పారు. అలా ఆ నలుగురూ కలిశారు. వాడుక భాష ఉద్యమానికి అక్కడ బీజం పడింది.

అప్పటికి పంతులుగారికి నలభై దాటాయి. ముప్ఫై ఏళ్ళ సర్వీసు చేసి 1911లో ఉద్యోగం వదిలేశారు. మనమైతే హాయిగా మనవళ్ళతో కాలక్షేపం చేద్దామనుకుంటాం. ఆయన అసలు పని అప్పుడు మొదలుపెట్టారు.

1912-13లో ఒక మంచి జరిగింది. స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసాన్ని పాత తెలుగులోనైనా వాడుక తెలుగులోనైనా రాయవచ్చని బోర్డు అనుమతి ఇచ్చింది. పండితలోకం గగ్గోలు పెట్టింది. సభలు, అర్జీలు, పత్రికల్లో దుమారం. కొద్దికాలానికే ప్రభుత్వం వెనక్కి తగ్గింది. పిల్లలు మళ్ళీ గ్రాంథికంలోనే రాయాలి. 1915లో గురజాడ కూడా పోయారు. ప్రాణస్నేహితుడు లేడు, చెవులు వినిపించవు, గెలిచినట్టే గెలిచి ఓడిపోయారు. ఇంకొకరైతే అక్కడితో ఆపేసేవారే.

పంతులుగారు ఊరూరూ తిరగడం మొదలుపెట్టారు. సభ ఎక్కడుంటే అక్కడికి పుస్తకాలు వెంటపెట్టుకుని వెళ్ళేవారు. పాత కవుల నుంచి, తనను తిట్టే పండితుల రాతల నుంచే వాక్యాలు తీసి చూపించేవారు. ఈ గ్రాంథికం మీకే సరిగా రావడం లేదు, పిల్లలకి ఎలా వస్తుందన్నది ఆయన వాదం. ఆ తప్పులన్నీ పోగేసి బాలకవి శరణ్యం, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం లాంటి పుస్తకాలే రాశారు. 1919లో తెలుగు అనే మాసపత్రిక పెట్టి ఏడాది నడిపారు. అదే ఏడు రాజమండ్రిలో వాడుక భాష కోసం ఒక సమాజం పెడితే, కందుకూరి వీరేశలింగంగారు తన చివరి రోజుల్లో దానికి అధ్యక్షులయ్యారు. క్రమంగా గాలి మళ్ళింది. కథలు, నవలలు, పత్రికలు అన్నీ వాడుక తెలుగులోకి వచ్చేశాయి.

మీరిప్పుడు చదువుతున్న ఈ పేజీ ఇలా చదివించుకుంటోందంటే అది ఆయన పుణ్యమే. అసలు నాబోటి ఇల్లాలు పోపు డబ్బా పక్కన కాగితం పెట్టుకుని కథ రాయగలుగుతోందంటే కూడా ఆ పుణ్యమే. వ్యాకరణం చదువుకున్న వాళ్ళే రాయాలన్న నియమం అలాగే ఉండిపోతే, మనలో ఎంతమందిమి కలం పట్టేవాళ్ళం చెప్పండి?

ఇల్లు వదిలి

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడిని అందులో కలిపేశారు. పంతులుగారు దాన్ని గట్టిగా వ్యతిరేకించారు. ఫలితం లేకపోయేసరికి, యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై రెండు దాటింది. సవరల కొండలు ఆ పక్కనే ఉండిపోయాయి. అదే 1936లో సవరల్లోంచే మంగేయి గొమాంగో అనే ఆయన వాళ్ళ భాషకి సొంతంగా ఒక లిపి తయారుచేశారు. తమ భాష రాతకి పనికొస్తుందని ఆ జాతివాళ్ళే నిరూపించుకోవడం ఎంత మంచి విషయం!

1934లో కైజర్-ఇ-హింద్ స్వర్ణపతకం, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇచ్చిన కళాప్రపూర్ణ, ఇవన్నీ ముసలితనంలో వచ్చాయి. 1940 జనవరి 22న పంతులుగారు కన్నుమూశారు. పోయే ముందు కూడా వాడుక భాష గురించే పత్రికలవాళ్ళకి తన విన్నపం వినిపించి వెళ్ళారు.

ఆయన వేసిన విత్తనం ఆలస్యంగానైనా మొలిచింది. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన పిల్లలకి మొదటి తరగతుల్లో తల్లిభాషలోనే పాఠాలు చెప్పే పథకం మొదలుపెట్టారు. సవర, గోండి, కోయ, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అని ఎనిమిది భాషల్లో వాచకాలు తయారయ్యాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా చిన్న తరగతుల్లో వీలైనంతవరకు ఇంటి భాషలోనే చదువు ఉండాలంటోంది. పంతులుగారు సొంత జీతం డబ్బుతో చేసిన పనికి దేశం ఒప్పుకోవడానికి నూరేళ్ళు దాటింది.

మా మెట్ల కింద నిఘంటువు

ఇదంతా చదివాక ఒక రాత్రి అన్నాల దగ్గర మావాడికి, అత్తగారికి, మావారికి కథలా చెప్పాను. చెవులు పోయిన చోటికి వచ్చేసరికి మావాడు ముద్ద కలపడం ఆపేశాడు. మా అత్తగారు అందుకుని, కొండ దిగి వచ్చే సవరల గురించి, వాళ్ళు సంతకి తెచ్చే అడ్డాకులు, పసుపు, చింతపండు గురించి తన యాసలో చెప్పుకుపోయారు. ఎన్నో తెలియని మాటలు. వాడు ఒక్కోటీ అడిగి తెలుసుకున్నాడు. ఆ రాత్రి నాయనమ్మని లోపలికి వెళ్ళమనే ఊసే లేదు.

29వ తేదీన ఏమైందంటారా? మావాడు ఆ కాగితం పక్కన పెట్టేసి, తన మాటల్లో చెప్పడం మొదలుపెట్టాడు. చెవుల సంగతి, పొయ్యి సంగతి, మా నాయనమ్మ టెక్కలి మాటలు కూడా కలిపి చెప్పాడట. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. టైమైపోయిందని గంట కొట్టేశారు. ప్రైజు, కాగితంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పిన వేరే అమ్మాయికి వచ్చింది. ఆ పిల్లని అనడానికేముంది, మనం నేర్పింది నేర్చుకుంది. మావాడు ఇంటికొచ్చి కాసేపు ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. నేను ఏం చెప్పి ఓదార్చాలా అనుకుంటుండగానే వాళ్ళ నాయనమ్మ పిలిచి, స్టేజీ మీద చెప్పింది మొత్తం మళ్ళీ చెప్పించుకున్నారు. ఈసారి గంట కొట్టేవాళ్ళు లేరు.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌వాళ్ళు దేవరకొండ దగ్గర ఒక తండా నుంచి వచ్చారు. వాళ్ళమ్మాయి నాలుగో తరగతి. ఇంట్లో లంబాడీ, వీధిలో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు. బళ్ళో నోరు విప్పదని టీచరు చెబితే వాళ్ళమ్మ నా దగ్గర బాధపడింది. ఇంట్లో మాత్రం ఆ పిల్ల తమ్ముడికి ఎన్ని కథలు చెబుతుందో! నేనే లిఫ్టు దగ్గర నిలబడి విన్నాను. అర్థం కాకపోయినా ఆ చేతులు తిప్పడం చూస్తే చాలు.

ఇప్పుడు సాయంత్రం పూట మావాడూ ఆ పిల్లా మెట్ల కింద కూర్చుని ఒక లాంగ్ నోట్‌బుక్ నింపుతున్నారు. అడ్డంగా గీతలు కొట్టి, ఒక వైపు లంబాడీ మాట, దాని పక్కన తెలుగు, దాని పక్కన మా అత్తగారి టెక్కలి మాట, చివర్లో ఇంగ్లీషు. అమ్మకి యాడి అని, రొట్టెకి బాటి అని నాకూ తెలిసింది. మా అత్తగారు కుర్చీ వేసుకుని మధ్యలో కూర్చుంటారు. ఆ పిల్ల వాళ్ళ తండాలో చెప్పుకునే కథ ఒకటి చెబితే మావాడు తెలుగులో రాశాడట. అక్షరదోషాలు బోలెడున్నాయి. దిద్దబోయి ఆగిపోయాను. దిద్దడానికి ఇంకా టైముంది, ముందు రాయనివ్వాలి.

ఇంగ్లీషు వద్దని నేననడం లేదు. ఎల్.బి. నగర్ నుంచి మియాపూర్ దాకా మెట్రోలో పోయే పిల్లలందరికీ ఆ భాషతోనే రేపు ఉద్యోగాలు. పంతులుగారు కూడా తన సవర వ్యాకరణం రాసింది ఇంగ్లీషులోనే. కానీ ఇంటి మాటని తొక్కేసి దాని మీద కట్టిన చదువు ఎంత ఎత్తు లేచినా, అందులోంచి కొత్త ఆలోచన పుట్టడం కష్టం. రేపటి రోజుల్లో నీళ్ళు, నేల, అడవి కాపాడుకోవాలంటే కూడా చెట్టు పేరు, గింజ పేరు, వాగు పేరు ఎరిగిన పిల్లలు కావాలి. ఆ పేర్లన్నీ అమ్మమ్మల నోట్లో, నాయనమ్మల నోట్లో ఉన్నాయి. వాళ్ళని మనమే లోపలికి పంపేస్తే అవి ఎవరు చెబుతారు?

ఈ ఆదివారం మీ ఇంట్లో పిల్లల నోట్‌బుక్కులు ఒకసారి తిరగేసి చూడండి. ఎర్ర గీత కింద ఎక్కడో ఒక బల్లి కథ ఉండే ఉంటుంది. దొరికితే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవమనండి. మావాడి బల్లి నోట్‌బుక్ నేను పాత పేపర్లవాడికి వేసేశాను. ఆ బెంగ నాకు ఇంకా తీరలేదు.